మందు సీసా మీది నంబరు కూడా చదవాలి
(యూనియన్ సర్వసభ్య సమావేశం నాటి ఆరోగ్య తరగతిలో నర్సుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మందుల గురించి నాలుగు మాటలు చెప్పమని మీ యూనియన్ వారు మమ్మల్ని పిలిచారు. ఏ జబ్బుకు ఏ మందు వేసుకోవాలో చెప్పడానికి మేము రాలేదు. అది డాక్టరు చెప్పవలసిన మాట. మేము నర్సులము. డాక్టరు కాగితం మీద రాసిన మందు రోగి ఒంట్లోకి సరైన తీరున చేరేటట్లు చూడటం మా పని. ఆ పని కోసం నర్సింగు చదువు మొదట్లోనే మాకు ఒక పాఠం చెబుతారు: సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ. ఈ ఐదూ సరిచూసుకోకుండా ఒక్క మాత్ర కూడా రోగి చేతిలో పెట్టరాదు. పెట్టిన తర్వాత దానిని రాసి ఉంచాలి.

ఈ పాఠం మిల్లు కార్మికులకు ఎందుకని మీరు అడగవచ్చు. రోగి ఆసుపత్రిలో ఉండేది నాలుగు రోజులు. మిగతా రోజులన్నీ మందు ఇచ్చేది ఇంట్లోని మనిషే. అత్తకు బీపీ మాత్ర ఇచ్చే కోడలు, బిడ్డకు సిరపు పోసే తండ్రి, తనకు తానే ఇన్సులిన్ పొడుచుకునే టైలరన్న, వీరందరూ నర్సు పని చేస్తున్నవారే. జీతం ఒక్కటే లేదు. పైగా మీ ఇళ్ళ ఆడపిల్లలు కొందరు నర్సింగులో చేరి, ఇప్పుడు ముందు వరుసలో కూర్చుని ఉన్నారు. వారి పుస్తకంలోని సంగతికీ మీ చేతిలోని పనికీ ఉన్న చుట్టరికం చూపాలని మా ఆశ.

మోతాదుతో మొదలుపెడతాము. జీన్స్ వాషింగ్ యూనిట్లో పనిచేసేవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. నీళ్ళెన్ని, బ్లీచింగ్ ఎంత, వేడి ఎంత, ఎన్ని నిముషాలు అనే లెక్క తప్పితే రంగైనా దిగదు, గుడ్డైనా చివికిపోతుంది. మనిషి ఒంటిని కూడా ఒక తొట్టి అనుకోండి. ఆ తొట్టికి అడుగున రెండు తూములున్నాయి. ఒకటి కాలేయం, రెండవది మూత్రపిండాలు. మందు లోపల పడినప్పటి నుంచీ కాలేయం దానిని విరిచేస్తూ ఉంటుంది, మూత్రపిండాలు బయటికి పంపుతూ ఉంటాయి. పారాసిటమాల్ వేసుకుంటే రెండు మూడు గంటలలో నెత్తురులో ఉన్న మందు సగానికి వస్తుంది. ఇంకో రెండు మూడు గంటలకు ఆ సగంలో సగం. దీనిని అర్ధాయువు అంటారు. అందుకే జ్వరం తగ్గకపోతే ఆరు గంటలు ఆగి మళ్ళీ వేసుకోమంటారు. బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్ అర్ధాయువు 30 నుంచి 50 గంటలు. కనుక అది రోజుకు ఒక్కటి చాలు.

ఇక్కడ ఒక మోసం ఉంది, గమనించండి. ఆమ్లోడిపిన్ రెండు రోజులు మానినా తొట్టిలో ఇంకా కొంత మిగిలే ఉంటుంది. "మానేశాను, ఏమీ కాలేదు, ఇక అక్కరలేదు" అని చాలామంది మాతో అంటారు. నాలుగో రోజుకో, వారానికో తొట్టి ఖాళీ అవుతుంది. బీపీ పైకెక్కినా తలనొప్పి కూడా రాకపోవచ్చు. మనిషికి తెలిసేది పక్షవాతం వచ్చినప్పుడే.

పారాసిటమాల్ మంచి మందే. కాని దానికి హద్దు ఉంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి 24 గంటలలో 4 గ్రాములు దాటరాదు. అంటే 500 మిల్లీగ్రాములవి ఎనిమిది, 650వి ఆరు. అది ఆఖరి గీత. అక్కడిదాకా పోవలసిన పని సాధారణంగా ఉండదు. బక్కపలచని మనిషికి, రోజూ సారా తాగేవారికి, కాలేయం దెబ్బతిన్నవారికి ఆ గీత ఇంకా కిందనే ఉంటుంది. మెడికల్ షాపులో జలుబుకొకటి, ఒళ్ళు నొప్పులకొకటి, జ్వరానికొకటి అని మూడు రకాలు కట్టి ఇస్తారు. పేర్లు మూడు, రంగులు మూడు. వెనక్కి తిప్పి చదివితే చాలాసార్లు మూడింటిలోనూ పారాసిటమాల్ ఉంటుంది. ఎక్కువ పడితే మొదటి రోజు మనిషి బాగానే తిరుగుతాడు. రెండు మూడు రోజులకు కాలేయం పడిపోతుంది. దీనికి విరుగుడు మందు ఉంది. ఎనిమిది గంటలలోపు అందితే చాలా బాగా పనిచేస్తుంది. కనుక ఎవరైనా ఎక్కువ మింగారని తెలిస్తే, బాగానే ఉన్నారు కదా అని ఇంట్లో కూర్చోబెట్టుకోకూడదు.

పిల్లల సిరపులో ఇంకా చిక్కు ఉంది. పిల్లలకు మందు ఇచ్చేది బరువును బట్టి. పారాసిటమాల్ ఒక్కో వేళకు కిలోకు 15 మిల్లీగ్రాములు. 10 కిలోల బిడ్డకు 150 అన్నమాట. బజారులో 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములున్న సిరపు ఉంది. దానిలో ఆ బిడ్డకు 3 మిల్లీలీటర్లు చాలు. 5 మిల్లీలీటర్లలో 120 లేదా 125 ఉన్నది కూడా ఉంది, దానిలో ఆరు కావాలి. చంటిపిల్లల చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉంటుంది. దానిలో ఒకటిన్నర. చుక్కల మందును సిరపు అనుకుని మూత నిండా పోస్తే ఏమవుతుందో లెక్క వేసుకోండి. "ఒక చెంచా పోయండి" అనే మాటను నమ్మవద్దు. మన ఇంట్లో చెంచాలు ఏ రెండూ ఒక్క కొలతకు రావు. సీసాతో వచ్చిన గీతల మూతనే వాడండి.

నొప్పి మాత్రల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మిషన్ మీద పది గంటలు వంగి కూర్చునే టైలరుకు నడుము పోతుంది, నిలబడి పనిచేసేవారికి మోకాళ్ళు పోతాయి. షిఫ్టుకు ముందు ఒక డైక్లోఫెనాక్, సాయంత్రం ఒకటి. నెలల తరబడి ఇలా మింగుతున్నవారు ఈ సభలో ఎంతమంది ఉన్నారో చేతులెత్తమని మేము అడగము. ఈ జాతి మందులు, అంటే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ వంటివి, నొప్పిని పుట్టించే ఒక పదార్థం ఒంట్లో తయారు కాకుండా ఆపుతాయి. అయితే అదే పదార్థం పొట్ట లోపలి పొరను కాపాడుతుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు నెత్తురు అందేట్లు చూసేది కూడా అదే. పరగడుపున మింగితే పొట్టలో పుండు. ఎండాకాలంలో, చెమట కారిపోతూ, నీళ్ళు తాగకుండా మింగితే మూత్రపిండాలకు దెబ్బ.

నీళ్ళెందుకు తాగరమ్మా అని అడిగితే ఆడవారు మాకు చెప్పే జవాబు ఒక్కటే. తాగితే దొడ్డికి పోవాలి. పోతే సూపర్‌వైజరు గడియారం చూస్తాడు. పోయినా అక్కడ తలుపుకు గొళ్ళెం ఉండదు. కాబట్టి బళ్ళారి ఎండలో డైక్లోఫెనాక్ ప్రమాదంలో సగం మందుల పుస్తకంలో ఉంటే, మిగతా సగం మీ ఫ్యాక్టరీ మరుగుదొడ్డిలో ఉంది. ఆ సగం గురించి గేటు మీటింగులో మాట్లాడవలసింది మీరే.

ఒక సంగతి చెప్పి ముందుకు పోతాము. మన చిన్నప్పుడు చచ్చిన గొడ్డు మీద వాలే రాబందులు ఇప్పుడు ఎందుకు కనపడవో తెలుసా? పశువులకు వేసిన డైక్లోఫెనాక్ ఆ కళేబరాలలో మిగిలి, తిన్న రాబందుల మూత్రపిండాలు పాడై కోట్ల లెక్కన చచ్చిపోయాయి. 2006లో ప్రభుత్వం పశువులకు దానిని నిషేధించింది. మనిషికి రోజుకు రెండు మాత్రలు ఓర్చుకునేది రాబందుకు చిన్న పిసరంతే ప్రాణం తీసింది. మోతాదంటే మందు ఒక్కదాని బరువే కాదు, పుచ్చుకునే ఒంటిని బట్టి కూడా అని దీనివల్ల తెలుస్తుంది. పక్క మిషన్ అక్కకు పనిచేసిన మాత్ర మనకు కుదరకపోవచ్చు. ఆ అక్కకు ఆయాసం లేదు, మనకుంది. ఆమె గర్భిణి కాదు, మన కోడలు గర్భిణి. సరైన రోగి అని మా పాఠంలో మొట్టమొదట పెట్టింది అందుకే.

వేళ సంగతికి వద్దాము. డాక్టరు చీటీలో ఓడీ అని ఉంటే రోజుకొకసారి. బీడీ అంటే కాల్చే బీడీ అనుకునేరు, రోజుకు రెండుసార్లు. టీడీఎస్ అంటే మూడుసార్లు. ఎస్‌ఓఎస్ అంటే అవసరమైతేనే. మూడుసార్లు అంటే టిఫిను, అన్నం, రాత్రి కూడు అని అనుకుంటాము. అలా వేసుకుంటే పగలు పన్నెండు గంటలలో మూడు మాత్రలు పడి, రాత్రంతా తొట్టి ఖాళీగా ఉంటుంది. కొన్ని మందులకు ఫరవాలేదు. కొన్ని యాంటీబయాటిక్‌లకు మాత్రం ఎనిమిది గంటలకొకటి పడాలి. స్పిన్నింగు మిల్లు షిఫ్టులు గుర్తుంటే చాలు. ఆరు, రెండు, పది. షిఫ్టు మారినప్పుడల్లా ఒక మాత్ర.

నైట్ షిఫ్టు వారికి ఇబ్బంది ఏమిటంటే, చీటీ రాసినవారికి ఆ సంగతి తెలియదు. "పొద్దున టిఫినుకు ముందు" అని గ్లిమెపిరైడ్ రాస్తారు. షిఫ్టు దిగి వచ్చిన మనిషి ఆ మాత్ర మింగి, టిఫిను తినకుండానే నిద్రపోతాడు. షుగరు పడిపోతుంది. లేదా తినే వేళ దాటి మిషన్ దగ్గరే చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడుతుంది. తాగి వచ్చాడని మేస్త్రీ తిడతాడు. ఆ సమయంలో నోట్లో పడవలసింది చక్కెర. షుగరు మాత్రలు వాడేవారు జేబులో రెండు చక్కెర పొట్లాలు పెట్టుకోండి, పక్కవారికి కూడా చెప్పి ఉంచండి. మనిషి తెలివిలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, ఆసుపత్రికి ఎత్తుకుపోవాలి. "నేను నైట్ షిఫ్టు, పగలు పడుకుంటాను" అని డాక్టరుకు ముందే చెప్పండి. వేళలు మార్చి రాస్తారు. అట్లే జలుబు మాత్రలలో క్లోర్‌ఫెనిరమిన్ అనే మందు ఉంటుంది. కళ్ళు మూతలు పడతాయి. రింగ్ ఫ్రేము దగ్గర, కటింగ్ మిషన్ దగ్గర ఆ కునుకు వేలు తీస్తుంది.

మన ఊరికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. గీత గీసినవారు గీశారు, పనికోసం మనం ఇటూ అటూ తిరుగుతూనే ఉన్నాము. ఇక్కడ మందుల షాపాయన కన్నడంలో చెబుతాడు. "ఊటక్కె ముంచె" అంటే అన్నానికి ముందు. "ఊట ఆద మేలె" అంటే అన్నం తిన్న తర్వాత. ఆదోని వైపు నుంచి కొత్తగా వచ్చినవారికి "మేలె" అనగానే మేలు అని తోస్తుంది, తల ఊపి వచ్చేస్తారు. "ఖాలి హొట్టె" అంటే పరగడుపు. "ఎరడు సల" అంటే రెండుసార్లు. అర్థం కాకపోతే మళ్ళీ అడగడం నామోషీ ఏమీ కాదు. మాకు కూడా వార్డులో రోగి చెప్పిందే రోగి చేత మళ్ళీ చెప్పించుకునే అలవాటు ఉంది. మీరూ షాపు ముందే నిలబడి తెలుగులో తిరిగి చెప్పండి. తప్పుంటే ఆయనే దిద్దుతాడు.

ఇన్సులిన్ వాడేవారు ఈ మాట జాగ్రత్తగా వినండి. మన దేశంలో సీసాలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నులలో వచ్చేది మిల్లీలీటరుకు 100 యూనిట్లది. ఆ బలం మందుకు నారింజ రంగు మూత సిరంజి. 100 బలం మందును ఎర్ర మూత సిరంజిలో 20వ గీత వరకు లాగితే ఒంట్లోకి పోయేది 20 కాదు, 50 యూనిట్లు. 40 బలం మందును నారింజ మూత సిరంజిలో 20 గీత లాగితే పోయేది 8 యూనిట్లే. మొదటిది ప్రాణం మీదికి తెస్తుంది. రెండవది షుగరు ఎందుకు దిగలేదో తెలియక డాక్టరు చేత మోతాదు పెంచేట్లు చేస్తుంది. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని చూసుకోండి. చదువు రానివారు కూడా 40, 100 అనే అంకెలు గుర్తుపట్టగలరు. రూపాయి నోటు చూడటం రానివారు ఈ సభలో లేరు.

మార్గం అంటే మందు ఒంట్లోకి పోయే దారి. నోటి నుంచి మింగినది పేగులలో పీల్చబడి, ముందుగా కాలేయం గుండా పోతుంది. కాలేయం ఒక చెకింగ్ టేబులు లాంటిది. దాటవలసినదే దాటుతుంది. గుండె నొప్పికి ఇచ్చే సార్బిట్రేట్ మింగితే చాలావరకు అక్కడే విరిగిపోతుంది. అందుకే నాలుక కింద పెట్టుకోమంటారు. అక్కడి నుంచి నేరుగా నెత్తురులోకి పోతుంది. పెట్టుకునేటప్పుడు కూర్చుని ఉండాలి, బీపీ ఒక్కసారిగా దిగి పడిపోతారు. ఇంకో మాట. ముసలివారు మింగలేరని మాత్రలు నలిపి ఇస్తుంటారు. పేరు పక్కన ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్ అని ఉన్న మాత్ర రోజంతా కొంచెం కొంచెంగా కరగడానికి చేసినది. నలిపితే ఒక్క గంటలో అంతా పడుతుంది.

ఇక సూది, సెలైను. మన జనానికి సెలైను మీద ఉన్న భక్తి దేనిమీదా లేదు. నీరసంగా ఉందని కూలి డబ్బు పెట్టి "ఒక బాటిలు ఎక్కించండి" అని అడుగుతారు. ఉప్పు సెలైను అర లీటరు సీసాలో ఉన్నది నాలుగున్నర గ్రాముల ఉప్పు, నీరు. ఐదు శాతం గ్లూకోజు అర లీటరులో 25 గ్రాముల గ్లూకోజు, అంటే ఐదారు చెంచాల చక్కెరంత. మింగగలిగిన మనిషికి ఇవి నోటి నుంచే ఇవ్వవచ్చు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు సెలైను సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి ఎందరినో బతికించారు. అదే ఈనాటి ఓఆర్‌ఎస్ పొట్లం. ఎండదెబ్బ తగిలిన రోజుల్లో ఆ పొట్లం మిల్లు క్యాంటీనులో ఉండాలి.

రక్తనాళంలోకి నేరుగా ఎక్కించేదానికి పొట్ట, కాలేయం అనే చెకింగ్ టేబుళ్ళు ఏవీ లేవు. ప్రాణం కాపాడవలసినప్పుడు ఆ దారి తప్పదు. ప్రసవంలో, ఆపరేషనులో, పెద్ద రక్తస్రావంలో అది లేకపోతే మేము చేతులు కట్టుకుని నిలబడవలసిందే. కాని ఆ దారిలో పోయే సీసాలో ఏముందనేది చావుబతుకుల ప్రశ్న.

2024 నవంబరులో మన బళ్ళారి జిల్లా ఆసుపత్రిలో జరిగినది మీరెవరూ మరచి ఉండరు. 9వ తేదీ నుంచి 11వ తేదీ వరకు 34 మందికి సిజేరియన్ ఆపరేషన్లు జరిగాయి. వారిలో ఏడుగురికి మూత్రపిండాలు, ఇతర అవయవాలు దెబ్బతిన్నాయి. ఒకరి తర్వాత ఒకరుగా ఐదుగురు తల్లులు చనిపోయారు. విచారించిన నిపుణులు వారికి ఎక్కించిన రింగర్ లాక్టేట్ సెలైను నాణ్యతను అనుమానించారు. అది పశ్చిమ బంగ ఫార్మాస్యూటికల్స్ అనే కంపెనీ తయారీ. రాష్ట్ర ప్రభుత్వం ఆ కంపెనీ సెలైను వాడకం ఆపించింది, రాష్ట్ర డ్రగ్ కంట్రోలరును సస్పెండు చేసింది, కుటుంబాలకు పరిహారం ప్రకటించింది. అదే కంపెనీ సెలైను బ్యాచీలు కొన్నింటిని అంతకుముందే పక్కన పెట్టి, తర్వాత వాడకానికి వదిలిన సంగతి కూడా అప్పుడే బయటపడింది. 2025 జనవరిలో పశ్చిమ బెంగాల్ మేదినీపూర్ మెడికల్ కాలేజీలో ఒక బాలింత చనిపోయినప్పుడు కూడా వేలు ఆ కంపెనీ సెలైను వైపే చూపింది.

రింగర్ లాక్టేట్ చెడ్డ మందు కాదు. తొంభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది. సోడియం, పొటాషియం, కాల్షియం, లాక్టేట్ కలిసిన నీరు, రోజూ దేశమంతటా ఎక్కిస్తూనే ఉంటారు. సెలైనులో బతికి ఉన్న సూక్ష్మజీవులు లేకపోయినా, చచ్చిన సూక్ష్మజీవుల నుంచి విడిపోయిన విషం ఉండవచ్చు. సీసాను వెలుతురుకు ఎత్తి చూస్తే అది కంటికి కనపడదు. వాసన రాదు. మేము చూసేది సీసా పగిలిందా, మసకగా ఉందా, లోపల ఏమైనా తేలుతోందా, తేదీ దాటిందా అని. ఆ విషం లాబ్ పరీక్షలోనే పట్టుబడుతుంది.

మొదట చెప్పిన ఐదింటినీ ఇప్పుడు మళ్ళీ తలచుకోండి. రోగి సరైన రోగే, మందు సరైన మందే, మోతాదు, మార్గం, వేళ అన్నీ సరైనవే అయి ఉండి, సీసాలో ఉన్నదే సరైనది కాకపోతే? ఆ పాఠం బాధ్యతనంతా మందు ఇచ్చే చేతి మీద పెడుతుంది. సీసా ఆ చేతికి రాకముందు దానిని తయారు చేసినవాడు, తక్కువ ధరకు టెండరు పాడినవాడు, కొన్న అధికారి, పరీక్షించి సరే అన్న లాబ్, ఇంతమంది ఉన్నారు. 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో కల్తీ గ్లిసరిన్ వల్ల 14 మంది చనిపోయారు. విచారించిన జస్టిస్ లెంటిన్ కమిషన్ ఆ వరుసనంతా ఒక్కొక్కరినీ నిలబెట్టి అడిగింది. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో దగ్గు సిరపు తాగి ఇరవై మందికి పైగా పసిపిల్లలు పోయారు. ఆ సిరపులో దొరికినదీ, 1986లో గ్లిసరిన్‌లో దొరికినదీ ఒకే విషం, డైఇథిలీన్ గ్లైకాల్. దాదాపు నలభై ఏళ్ళ తేడా.

మీకు తెలిసిన సంగతితోనే పోల్చి చెబుతాము. రెండు లాట్‌ల గుడ్డ కలిసిపోయి ప్యాంటు ఒక కాలు ఒక షేడు, ఇంకో కాలు ఇంకో షేడు వస్తే ముందు తిట్లు తినేది టైలరు. రోలు మీది లాట్ నంబరు రాసి పెట్టుకుని ఉంటే తప్పు ఎక్కడిదో తేలుతుంది. చింపి పారేసి ఉంటే టైలరు కూలిలో కోత. మందు సీసా మీది బ్యాచ్ నంబరు అదే లాట్ నంబరు. బ్యాచ్ తెలిస్తే ఆ బ్యాచీ సీసాలు ఇంకా ఏ వార్డులో ఉన్నాయో ఆ పూటే వెతికి ఆపవచ్చు. తెలియకపోతే, నేరం ఏ చేతిదో తేలేలోపు ఇంకో నలుగురికి ఎక్కుతుంది.

కాబట్టి మీ మనిషి ఆసుపత్రిలో ఉన్నప్పుడు "ఇది ఏ మందు, దేనికి?" అని నర్సమ్మను అడగండి. విసుక్కునేవారు ఉంటారు, మా వాళ్ళ సంగతి మాకు తెలుసు. ఒక్క నర్సుకు నలభై మంది రోగులుంటే విసుగు రాకుండా ఉండదు. అయినా అడగండి. ఎక్కిస్తున్న సెలైను మీది పేరు, బ్యాచ్ నంబరు సెల్లులో ఫోటో తీసుకోండి. డిశ్చార్జి కాగితం అడిగి తీసుకోండి. మందుల షాపులో పది మాత్రల స్ట్రిప్పు నుంచి నాలుగు కత్తిరించి ఇచ్చేటప్పుడు పేరు, బ్యాచ్, తేదీ ఉన్న ముక్క షాపులోనే మిగిలిపోతుంది. ఆ ముక్క కూడా ఫోటో తీసుకోనివ్వమని చెప్పండి, బిల్లు అడగండి. బిల్లు మీద బ్యాచ్ నంబరు ఉండాలి. ఈఎస్‌ఐ మందులకూ ఇదే మాట. అవి ఉచితం అంటారు. 2019 జూలై నుంచి మీ జీతంలో నూటికి 75 పైసలు, యజమాని నుంచి 3 రూపాయల 25 పైసలు ఆ ఖాతాకు పోతున్నాయి. డబ్బు కట్టిన మందు గురించి అడుగుతున్నారు.

మందు వేసుకున్న తర్వాత దద్దురు, మొహం వాపు, చలిజ్వరం, మూత్రం తగ్గడం వంటివి వస్తే వెంటనే ఆసుపత్రిలో చెప్పండి. సెలైను ఎక్కుతుండగా వణుకు పుడితే నర్సు రౌండుకు వచ్చేదాకా ఆగవద్దు, అరిచి పిలవండి. మందుల దుష్ఫలితాలను నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమానికి ఉచిత ఫోను 1800-180-3024. రోగి అయినా, రోగి ఇంటివారైనా చేయవచ్చు. పరీక్షలో తప్పిన మందుల పట్టికను కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెలనెలా ప్రకటిస్తుంది. దానిని తెప్పించి, ఇక్కడి ఆసుపత్రులలో, ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో ఉన్న మందులతో సరిచూసి యూనియన్ నోటీసు బోర్డు మీద పెట్టించండి. ఒక్క రోగి చేయలేని పని ఇది, యూనియన్ చేయగలదు.

జిన్నింగు, కార్డింగ్ ఖాతాల వారు దూది ధూళి గురించి అడిగారు. సెలవు తర్వాత సోమవారం పనిలోకి వచ్చినప్పుడు ఛాతీ పట్టేసినట్టు ఉంటే అది బిసినోసిస్ మొదలు కావచ్చు. పీల్చే మందు ఊపిరి గొట్టాన్ని తెరుస్తుంది, ఆ తెరిచిన గొట్టంలోకి మళ్ళీ ధూళే పోతుంటే జబ్బు ఆగదు. రెండు వారాలు దాటిన దగ్గయితే కఫం పరీక్ష చేయించండి. టీబీ మందులు 2017 నుంచి రోజూ ఇస్తున్నారు, సాధారణంగా ఆరు నెలలు. అందులోని రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా వస్తుంది, నెత్తురనుకుని భయపడి మానవద్దు. గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవారు ఆ సంగతి టీబీ డాక్టరుకు తప్పక చెప్పాలి, రిఫాంపిసిన్ వాటి బలాన్ని తగ్గిస్తుంది.

వచ్చే తరగతికి మీ ఇంట్లో ఉన్న మందులన్నీ, సగం వాడినవి, పేరు కనపడనివి, పోయిన ఏడాదివి, ఒక సంచిలో వేసుకుని తీసుకురండి. చీటీ ఉంటే చీటీ. ఒక్కొక్కటి చూసి ఏది ఉంచాలో, ఏది పారేయాలో, ఏది డాక్టరును మళ్ళీ అడగాలో చెబుతాము. ఇన్సులిన్ వాడేవారు సీసాను దారిలో ఎండ తగలకుండా తడిగుడ్డలో చుట్టి తెచ్చుకోండి. సిరంజి మరచిపోవద్దు.